రాజాం నుంచి బొబ్బిలికి ఎంతసేపు? యుద్ధపు ఆటల్లో దళాల వేగం

(విజయనగరంలో బోర్డు గేములు, కంప్యూటర్ గేములు తయారు చేస్తున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పర్వాలేదమ్మా, రండి.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క అంకె గురించి. యుద్ధపు ఆటల్లో చిన్న చిన్న అట్టముక్కలు పేరుస్తాం కదా, ఒక్కో ముక్క ఒక్కో దళం. ఆ ముక్క మీద కింద కుడి పక్కన ఒక అంకె వేస్తాం. ఒక టర్న్‌లో, అంటే ఆడేవాడికి ఒకసారి వంతు వచ్చినప్పుడు, ఆ దళం ఎన్ని గడులు కదలగలదో చెప్పే అంకె. నాలుగా, ఆరా, ఎనిమిదా? చూడ్డానికి చాలా చిన్న విషయం. కాని ఆట తయారుచేసేవాళ్లు ఎక్కువగా వాదించుకునేది దాని దగ్గరే. చరిత్ర చదివినవాడు వచ్చి "గుర్రం మరీ అంత నెమ్మదిగా వెళ్తుందా సార్?" అంటాడు. ఆడుకోవడానికి వచ్చినవాడు "గంటయింది, ఇంకా ఎవరూ ఎవరికీ ఎదురుపడలేదు, బోరు కొడుతోంది" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. మరి ఎవరి మాట వినాలి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ రోజు యుద్ధంలో ఉన్న మనిషికి "టైముకి చేరతామా?" అన్న టెన్షన్ ఉంది. మీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికీ ఆ టెన్షనే ఉండాలి. ఏ అంకె వేస్తే అది నిలుస్తుందో అదే సరైన అంకె. గంటకి ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క అవసరమే, చాలా అవసరం. కాని ఆ లెక్క ఎందుకు వేస్తున్నామో మర్చిపోతే అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మన జిల్లా సంగతితోనే మొదలుపెడదాం. 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. ఈ తేదీ మీలో చాలామందికి నోటికి వచ్చు. విజయరామరాజు గారి సైన్యం, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఒక పక్క. కోటలో రంగారావు గారు, ఆయన్ని నమ్ముకున్నవాళ్లు ఇంకో పక్క. తెల్లవారుతూనే ఫిరంగులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటాక కోట పడిపోయింది. ఆ సమయంలో తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని, ఆయన వచ్చేసరికే అంతా అయిపోయిందని మనవాళ్లు చెప్పుకుంటారు. బుర్రకథల్లో వినే ఉంటారు కదా?

రాజాం నుంచి బొబ్బిలి ఎంత దూరం? ఎవరన్నారు? ఆఁ, సుమారు పాతిక కిలోమీటర్లు. ఇప్పుడు బండి మీద ఎంతసేపో మీకే తెలుసు. 1757లో ఎంతసేపు?

ఈ యుద్ధాన్ని ఆటగా చేస్తున్నాం అనుకోండి. బొబ్బిలి పక్షం ఆడే అమ్మాయి చేతిలో రాజాం దళం ఒకటుంది. దాని మీద ఏ అంకె వేస్తారు? గుర్రం గంటకు 40 కిలోమీటర్లు పరుగెత్తుతుందని ఎక్కడో చదివి, అదే వేసేశారు. ఏమవుతుంది? పాపారాయుడు నలభై నిమిషాల్లో కోట ముందు దిగిపోతాడు. ముట్టడి సరిగ్గా మొదలవకముందే వచ్చేస్తాడు. ఇక విజయనగరం పక్షం ఆడేవాడు ఆలోచించడానికి ఏముంది? సరే, దళం వెంట సామాను బళ్లు కూడా ఉంటాయి కదా అని ఎద్దుల నడక పెట్టారు, గంటకు 3 కిలోమీటర్లు. ఎనిమిది గంటల పైనే పడుతుంది. పాపారాయుడు రాడు. రాడని మొదటి టర్న్‌లోనే ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆ దళం బల్ల మీద ఉన్నా లేనట్టే.

గమనించండి, రెండు అంకెలూ పుస్తకం ప్రకారం తప్పు కావు. గుర్రం నిజంగానే 40 పరుగెత్తగలదు. బండి కట్టిన ఎద్దు నిజంగానే 3 నడుస్తుంది. కాని రెండిట్లోనూ ఆట చచ్చిపోయింది.

ఇప్పుడు మూడో లెక్క వేద్దాం. మనిషినీ, ఆయుధాల్నీ మోస్తున్న గుర్రం ఆ పరుగు కొన్ని నిమిషాలే ఎత్తగలదు. పాతిక కిలోమీటర్లు పోవాలంటే కాసేపు నడిపించాలి, కాసేపు దౌడు తీయించాలి, మధ్యలో ఆపి నీళ్లు పట్టాలి. నడక గంటకు 6, 7 కిలోమీటర్లు. దౌడు 12, 13. అన్నీ కలిపితే మూడు గంటలకు దగ్గర. దానికి ముందు రాజాంకి కబురు చేరాలి, అదొక రెండు గంటలు అనుకుందాం. మనుషుల్ని పోగుచేసి, జీన్లు బిగించి, మందుగుండు పంచడానికి ఇంకో గంట. ఉదయం ఆరుకి కబురు బయల్దేరితే దళం కోట దగ్గరికి వచ్చేది పన్నెండుకి. కోట పడేదేమో మధ్యాహ్నం దాటాక. చూశారా? ఇప్పుడు ఒక్కో గంటకీ విలువ వచ్చింది. కబురు మోసేవాడు దారిలో దొరికిపోతే? ముట్టడి వేసినవాళ్లు రాజాం దారిలో కాపలా పెడితే? ఆ కాపలాకి వంద మందిని పంపితే కోట గోడ ఎక్కే నిచ్చెనల దగ్గర వంద మంది తగ్గుతారు. పంపాలా, వద్దా? అదిగో, ఆట అక్కడ పుట్టింది.

వాస్తవం పెరిగినకొద్దీ సరదా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ మనం వాస్తవాన్ని తగ్గించామా? లేదే. గుర్రం ఎంత పరుగెత్తుతుంది అని ఆగిపోకుండా, ఎంతసేపు పరుగెత్తుతుంది, ఎప్పుడు బయల్దేరుతుంది, ఎవరు చెబితే బయల్దేరుతుంది అని ఇంకో మూడు ప్రశ్నలు అడిగాం. అడిగితేనే సరదా వచ్చింది.

ముందు టర్న్, తర్వాత అంకె

మీరు చేసే ఆటలు చూస్తుంటాను కదా, చాలామంది దళాల వేగం ముందు రాసేస్తారు. కాల్బలం నాలుగు, గుర్రపు దళం ఎనిమిది, ఫిరంగి రెండు. తర్వాత బోర్డు గీస్తారు. తర్వాతెప్పుడో ఒక టర్న్ అంటే నిజమైన యుద్ధంలో ఎంతసేపో ఆలోచిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ఎందుకంటే గుర్రం కాల్బలం కన్నా ఎన్ని రెట్లు వేగం అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ఎంతసేపట్లో అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

పది నిమిషాల్లో చూడండి. ఎదురుగా ఉన్న పొలం దాటి శత్రువు మీద పడాలి. మనిషి బారులు చెదరకుండా నడిస్తే నిమిషానికి 70, 80 మీటర్లు. గుర్రం దౌడు తీసి, చివర్లో పూర్తి పరుగు అందుకుంటే దానికి నాలుగైదు రెట్లు. అదే రోజంతా చూడండి. కాల్బలం రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు సుఖంగా నడుస్తుంది. గుర్రపు దళం 40, మహా అయితే 50. రెట్టింపుకి అటూ ఇటూ. అదే వారాల తరబడి నడిపిస్తే? గుర్రానికి మేత కావాలి, విశ్రాంతి కావాలి, దాని వీపు పుండు పడుతుంది, గిట్టలు అరిగిపోతాయి. ఆ తేడా ఇంకా తగ్గుతుంది. కాబట్టి టర్న్ అంటే రెండు నిమిషాలైతే గుర్రానికి నాలుగు రెట్లు ఇవ్వండి. టర్న్ అంటే ఒక రోజైతే రెట్టింపు చాలు. మీ ఆటలో టర్న్ ఎంతసేపో తెలియకుండా ఎనిమిది అని ఎలా వేస్తారు?

మన కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సైన్యం రోజు నడక రాశాడు. ఉత్తమ సేన రెండు యోజనాలు, మధ్యమ సేన ఒకటిన్నర, అధమ సేన ఒక యోజనం. అంతే, మూడే మెట్లు. ఎంత బాగుందో చూడండి. చతురంగ బలాలకి నాలుగు వేగాలు ఇవ్వలేదు. ఏనుగుకింత, రథానికింత అనలేదు. రోజు నడకలో సైన్యమంతా కలిసే పోవాలి, సామానుతో పోవాలి. తేడా వచ్చేది సేన నాణ్యతలో. మంచి సేనకీ నాసిరకం సేనకీ సరిగ్గా రెట్టింపు తేడా. మీరు పెద్ద మ్యాపు మీద, టర్న్‌కి ఒక రోజు చొప్పున ఆట చేస్తుంటే ఈ వాక్యం ఒక్కటి చాలు, మీ పట్టిక సిద్ధమైపోయినట్టే.

ఫోన్లో క్లాష్ రాయల్ ఆడేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో. అందులో కార్డు నొక్కితే వేగం ఎలా చూపిస్తాడు? స్లో, మీడియం, ఫాస్ట్, వెరీ ఫాస్ట్. జెయింట్ స్లో, నైట్ మీడియం, హాగ్ రైడర్ వెరీ ఫాస్ట్. కిలోమీటర్లు ఎక్కడా లేవు. నాలుగు మెట్లు గుర్తుంటే చాలు, వంతెన దాటి ఎవరు ముందు వస్తారో మనసులోనే లెక్క కట్టేయొచ్చు. ఆడే మనిషి తలలో పట్టేది మూడు నాలుగు మెట్లే. పదకొండు రకాల దళాలకి పదకొండు వేగాలు ఇస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు, ప్రతిసారీ పుస్తకం తెరవాల్సి వస్తుంది.

పుస్తకం తెరవడం అంటే గుర్తొచ్చింది. 1824లో ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే యువ సైనికాధికారి ఒక యుద్ధపు ఆట చేశాడు. క్రీగ్‌స్పీల్ అంటారు. సైన్యంలో అధికారులకి శిక్షణగా వాడారు. మ్యాపు 1:8000 కొలతలో, టర్న్ రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏ దళం ఎంత దూరం పోతుందో పట్టికలు. కష్టపడి, నిజాయితీగా చేసిన పని అది. కాని కాలం గడిచినకొద్దీ పట్టికలు, నిబంధనలు అధికారులకి భారమైపోయాయి. చివరికి 1876లో వెర్డీ దు వెర్నువా అనే జనరల్ పట్టికలు పక్కన పెట్టేద్దాం, అనుభవం ఉన్న అంపైరు చూసి చెబితే చాలు అన్నాడు. ఆలోచించండి, వాళ్లు సరదా కోసం ఆడేవాళ్లు కారు. సైనికులు. ఉద్యోగంలో భాగంగా ఆడేవాళ్లకే ఆ లెక్కలు బరువైతే, ఆదివారం సాయంత్రం ఆడుకునేవాళ్ల సంగతేమిటి?

ఇంకో వైపు 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడుకునే నిబంధనలు రాశాడు. కాల్బలం ఒక అడుగు, గుర్రం రెండు అడుగులు. అయిపోయింది. పిల్లలకి కూడా ఒక్కసారి చెబితే చాలు.

చదరంగం సంగతి కూడా ఒక్క నిమిషం. మన పాత ఆటలో మంత్రి మూలగా ఒక్క గడే కదిలేవాడు, బంటు ఎప్పుడూ ఒక్క గడే. ఆట నింపాదిగా సాగేది. పదిహేనో శతాబ్దం చివర యూరప్‌లో మంత్రికి బోర్డంతా తిరిగే శక్తి ఇచ్చారు. బంటు మొదటి ఎత్తులో రెండు గడులు వేయొచ్చనే నిబంధన కూడా ఆట త్వరగా అందుకోవాలనే వచ్చింది. యుద్ధంలో ఏదైనా మారిందని కాదు, ఆట మొదట్లో బోరు కొడుతోందని మార్చారు. ఏనుగు చూడండి, బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఎత్తులో పోతుంది, గుర్రం పోలేదు! ఎవరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే చదరంగం ఇది ఫలానా ఊరి యుద్ధం అని చెప్పుకోదు. మీరు పెట్టె మీద బొబ్బిలి అని రాశారు. పేరు రాశాక ఎద్దుబండి గుర్రాన్ని దాటిపోకూడదు. ఆ బాధ్యత మీ మీద ఉంది.

నడక, తుపాకీ గురి

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యమైనది. రాసుకునేవాళ్లు రాసుకోండి. వేగాన్ని విడిగా చూడకూడదు. తుపాకీ ఎంత దూరం పేలుతుందో దాని పక్కన పెట్టి చూడాలి.

పద్దెనిమిదో శతాబ్దపు తుపాకీ వంద మీటర్ల లోపే నమ్మకంగా తగిలేది. బాగా తర్ఫీదైన సిపాయి నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చగలడు. ఎదురుగా వచ్చే దళం ఆ వంద మీటర్లు నడిచి దాటడానికి నిమిషం పైన పడుతుంది. అంటే ఏమిటి? మీద పడేవాళ్లు రెండు మూడు విడతల కాల్పులు తినాలి. తిని కూడా నిలబడి ముందుకొస్తే కత్తి దాకా వస్తుంది కథ. ఆ రెండు మూడు విడతలే ఆ కాలపు యుద్ధం. కాల్చేవాడికి భయం, వచ్చేవాడికీ భయం.

ఇప్పుడు మీ బోర్డు మీద చూడండి. తుపాకీ గురి, అంటే గుండు తగిలే దూరం, రెండు గడులు, కాల్బలం వేగం ఆరు గడులు పెట్టారనుకోండి. శత్రువు గురికి అవతల నుంచి బయల్దేరి ఒకే టర్న్‌లో వచ్చి మీద పడిపోతాడు. తుపాకీ దళానికి ఒక్కసారి కూడా పేల్చే అవకాశం రాలేదు. అప్పుడు తుపాకీలు కొనడం ఎందుకు? అందరూ కత్తులే పట్టుకుంటారు. తలకిందులు చేసి గురి ఆరు, వేగం ఒకటి పెట్టండి. దగ్గరికి వచ్చేలోపు ఆరుసార్లు తగులుతుంది. ఎవడూ కదలడు. రెండు పక్కలా బారులు తీరి కూర్చుని పాచికలు వేసుకుంటూ ఉంటారు. గురి మూడు, వేగం ఒకటి అంటే మూడు విడతలు. గురి నాలుగు, వేగం రెండు అంటే రెండు విడతలు. ఈ నిష్పత్తి సరిగ్గా కుదిరితే మిగతావి కొంచెం అటూ ఇటూ ఉన్నా ఆట నిలుస్తుంది. ఇది కుదరకపోతే మీరు గుర్రానికి ఎంత చక్కటి అంకె వేసినా ప్రయోజనం లేదు.

కంప్యూటర్ ఆటల్లో ఇది ఎంత సున్నితమో చెబుతాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగంలో కత్తి పట్టిన మామూలు సైనికుడి వేగం 0.9. విలుకాడిది 0.96. గుర్రం మీది నైట్‌ది 1.35. కాల్బలానికీ నైట్‌కీ తేడా ఒకటిన్నర రెట్లే, నిజంలో దాడికి దిగిన గుర్రం అంతకన్నా చాలా వేగం. ఎందుకు తగ్గించారు? తెర మీద మనిషి కన్ను, వేలు వెంబడించగలగాలి కదా. అది సరే. 0.9కీ 0.96కీ తేడా చూడండి. చూస్తే ఏమీ కనపడదు. కాని విలుకాడు ఒక బాణం వేస్తాడు, వెనక్కి నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ బాణం. చెయ్యి తిరిగినవాడు ఆడితే కత్తివాడు అతన్ని అందుకోలేడు. అదే స్క్వైర్స్ అనే మెరుగుదల కొంటే కాల్బలం వేగం పది శాతం పెరుగుతుంది. 0.9 కాస్తా 0.99 అవుతుంది. ఇప్పుడు వెంబడిస్తే అందుతాడు. వందలో మూడు పాళ్ల తేడాతో ఎవరు ఎవరికి భయపడాలో మారిపోయింది! అందుకే చెబుతున్నాను, అంకె పెద్దదా చిన్నదా అని చూడకండి. ఎవరు ఎవరిని అందుకోగలరు, ఎవరి నుంచి ఎవరు తప్పించుకోగలరు? ఒక కాగితం మీద దళాలన్నీ రాసి బాణాలు గీసుకోండి. ఆ బొమ్మ మీరు చెప్పదలుచుకున్న యుద్ధంలా ఉందా? ఉంటే అంకెలు సరిపోయినట్టే.

కదలని సైన్యాలు

ఒక తమ్ముడు పొద్దున్నే అడిగాడు, "నిజమైన దళాలు గంటకు 4 కిలోమీటర్లు నడుస్తాయి కదా సార్, మరి నిజమైన యుద్ధాలు మన ఆటల కన్నా అంత నెమ్మదిగా ఎందుకు సాగాయి?" చాలా మంచి ప్రశ్న. అతను ఇక్కడే ఉన్నాడా? ఆఁ, అక్కడున్నావా.

జవాబు ఏమిటంటే, నిజమైన సైన్యం ఎక్కువసేపు నడవదు. ఆగి ఉంటుంది. ఆట ఆడేవాడు ప్రతి టర్న్‌లో ప్రతి దళాన్నీ చివరి గడి దాకా నడిపిస్తాడు. పైనుంచి అంతా కనబడుతోంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ అలిసిపోరు. నిజంలో అలా జరగదు. 1815 జూన్ 16న, వాటర్లూకి రెండు రోజుల ముందు, నెపోలియన్ సేనాని డెర్లాన్ చేతిలో ఇరవై వేల మంది దాకా ఉన్నారు. ఒకే రోజు పక్కపక్కనే రెండు యుద్ధాలు జరుగుతున్నాయి. ఒకరు ఇటు రమ్మంటారు, ఒకరు అటు రమ్మంటారు. ఆ సైన్యం రోజంతా రెండిటి మధ్యా తిరిగింది, దేంట్లోనూ సరిగ్గా పాల్గొనలేదు. వాళ్ల కాళ్లలో లోపం ఏమైనా ఉందా? నడిచారు, బ్రహ్మాండంగా నడిచారు!

మన దగ్గరి ఉదాహరణ ఇంకా బాగుంటుంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం. కల్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సైన్యంతో, విజయనగరం ఆనంద గజపతిరాజు గారి సైన్యంతో కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించాడు. తర్వాత గమ్యం బందరు. దూరం రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. రోజుకు 20 చొప్పున నడిచినా పది రోజులు. ఫోర్డ్ ఎప్పుడు చేరాడు? 1759 మార్చిలో. బందరు కోట పట్టుకున్నది ఏప్రిల్‌లో. మధ్యలో ఏం జరిగింది? డబ్బు. రాజుగారు ఇస్తానన్న డబ్బు రాలేదు, జీతాల్లేవు, సైన్యం కదల్లేదు. పది రోజుల దారికి మూడు నెలలు! ఇది ఆటలో పెట్టాలంటే కాల్బలం వేగం తగ్గిస్తే సరిపోతుందా? తగ్గిస్తే అందరికీ విసుగొస్తుంది. వేగం అలాగే ఉంచండి. ఒక టర్న్‌లో మీరు కదిలించగల దళాల సంఖ్యకి హద్దు పెట్టండి. ఖజానాలో ఉన్నంత మేరకే ఆజ్ఞలు. ఎనిమిది దళాలున్నాయి, మూడు ఆజ్ఞలే ఉన్నాయి. ఏ మూడు? కదిలిన దళం హాయిగా ఆరు గడులు పోతుంది, మిగతావి నిలబడి ఉంటాయి. మొత్తం సైన్యం చరిత్రలో నడిచినంత నెమ్మదిగానే నడుస్తుంది, ఆడేవాడికి మాత్రం ప్రతి టర్న్‌లోనూ చేతినిండా పని ఉంటుంది. వేగం గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఇక్కడే ఉంది.

నేల గురించి క్లుప్తంగా చెప్తాను. ఎక్కువమంది చెట్లకి రెండు పాయింట్లు, కొండకి మూడు, పొదలకి ఒకటిన్నర అని పెడుతుంటారు, అంటే ఆ గడిలోకి పోవడానికి దళం వేగంలోంచి అంత ఖర్చవుతుందని. ఒకటిన్నర దయచేసి వద్దు. బాట, మైదానం, కష్టమైన నేల. మూడు చాలు. ఆ కష్టమైన నేల ఏదో మీ ఊరి కళ్లతో చూడండి. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధం జరిగింది. చిన విజయరామరాజు గారు కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యంతో పోరాడి అక్కడే ప్రాణాలు వదిలారు. జూలై నెలలో, గోస్తనీ పక్కన, మన పల్లపు పొలాలు ఎలా ఉంటాయో నేను మీకు చెప్పక్కర్లేదు. యూరప్ ఆటల పట్టికలో పొలం అంటే మైదానం, ఒక పాయింటు. మనకి వానాకాలం పొలం అంటే బురద, గట్టు మీద ఒకరి వెనక ఒకరు. లెక్క వేయండి. వెయ్యి మంది, మనిషికీ మనిషికీ ఒకటిన్నర మీటరు. వరస ఒకటిన్నర కిలోమీటరు పొడవు. గంటకు 4 కిలోమీటర్ల నడకలో మొదటివాడు చేరిన ఇరవై నిమిషాలు దాటాక గాని చివరివాడు చేరడు. దళం చేరింది అంటే ఎవరు చేరినట్టు? మొదటివాడా, చివరివాడా? మీ టర్న్ పావుగంట అయితే ఇది పెద్ద విషయం, ఆ దళం చేరిన టర్న్‌లో సగం బలంతోనే పోరాడాలి. మీ టర్న్ ఒక రోజైతే పట్టించుకోనే అక్కర్లేదు.

జనం ఒకేచోట చేరితే వేగం ఏమవుతుందో విజయనగరం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మామూలు రోజున పది నిమిషాల్లో నడిచేస్తారు. సిరిమాను పండగ రోజున నడిచి చూడండి. దారి అదే, కాళ్లూ అవే. ఒక గడిలో రెండు దళాల కన్నా ఎక్కువ పట్టవు అన్న ఒక్క నిబంధన పెడితే ఈ రద్దీ అంతా దానంతటదే ఆటలోకి వస్తుంది. వేరే పట్టిక అక్కర్లేదు.

మరి సరదా కోసం ఎక్కడ రాజీ పడొచ్చు? నేను రెండు చోట్ల సంతోషంగా పడతాను. ఒకటి, ఖాళీ నడక. శత్రువు ఆరేడు గడుల దరిదాపుల్లో లేనప్పుడు దళం బాట మీద రెట్టింపు పోవచ్చు అని రాసేయండి. ఎవరికీ నష్టం లేదు, ఆ నడకలో తీసుకోవాల్సిన నిర్ణయం ఏదీ లేదు కాబట్టి. ఇంకా మంచిది, ఆటని ఆలస్యంగా మొదలుపెట్టండి. మూడో టర్న్ దాటినా ఎవరూ ఎవరికీ తారసపడకపోతే మీ బోర్డు పెద్దదైనా అయ్యుండాలి, దళాల్ని దూరంగానైనా నిలబెట్టి ఉండాలి. ముందుకి జరపండి.

రెండు, బలవంతపు నడక. 1805లో ఆస్టర్‌లిట్జ్ యుద్ధానికి ఫ్రెంచి జనరల్ ఫ్రియాంట్ దళం వియన్నా నుంచి సుమారు 110 కిలోమీటర్లు రెండు రోజుల్లో నడిచి వచ్చింది. దారిలో ఎంతోమంది వెనకబడిపోయారు. వచ్చినవాళ్లు మాత్రం మర్నాడు గట్టిగా పోరాడారు. ఇది అందరూ రోజూ చేయగలిగేది కాదు, ఎప్పుడూ ఎవరూ చేయలేనిదీ కాదు. అందుకని ఆడేవాడికి ఆ దారి తెరిచి ఉంచండి. ఇంకో రెండు గడులు పోతావా? పో. పాచిక వెయ్యి. ఒకటి, రెండు పడితే నీ దళంలో పావు వంతు మనుషులు దారిలో రాలిపోతారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చూసే క్షణం అది. వేగాన్ని కొనుక్కోనివ్వండి, వెల మాత్రం చెల్లించాల్సిందే.

ఇక మధ్యాహ్నం ఆడబోయేవాళ్లకి ఒక పని. ప్రతి బల్ల దగ్గరా ఒకరు ఆడకుండా కూర్చోండి, చేతిలో కాగితం, పెన్ను. ఆడేవాడు దళాన్ని ముట్టుకుని ఆగి, గడులు లెక్కపెట్టి, ఎదుటివాడి ముఖం చూస్తే ఒక టిక్కు పెట్టండి. ఏమీ ఆలోచించకుండా జరిపేస్తే ఇంటూ పెట్టండి. ఎన్నో టర్న్‌లోనో కూడా రాయండి. ఇంటూలు ఎక్కువున్న టర్న్‌లు ఏవో చూసి, వాటి మీద పని చేద్దాం. ఒకసారికి ఒక్క అంకే మార్చండి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. గురికీ నడకకీ నిష్పత్తి ముందు, ఆజ్ఞల సంఖ్య తర్వాత, గుర్రం వేగం ఆఖర్న.

చందుర్తి బోర్డు కిటికీ పక్క బల్ల మీద ఉంది, దానికి నలుగురు కావాలి. పద్మనాభం బోర్డుకి ఇద్దరు చాలు, గట్ల నిబంధన ఉన్న కొత్త కాగితం దాని కిందే పెట్టాను. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి, మొదలుపెడదాం.